చెరిపేసిన పాఠాలు

క్యాసెట్టులో పాఠాలు లేవు. ఈస్టరు పాట ఉంది.

సుశీల టేప్‌రికార్డరు ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే పాట. స్త్రీల సమాజం వాళ్ళు పదిమంది, ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా అందుకుంటూ, మధ్యలో ఎవరో దగ్గుతూ, మహా ఉత్సాహంగా పాడుతున్నారు. క్యాసెట్టు తీసి రెండో పక్క పెట్టింది. అక్కడా పాటే. ఆ పక్కన దగ్గు ఇంకా ఎక్కువగా ఉంది.

ఆ క్యాసెట్టు పెడితే పాట రాకూడదు. చెవులు గింగురుమనేలా కీచుమని అరుపు రావాలి. ఆ అరుపు వైరు గుండా టీవీ ముందున్న చిన్న కంప్యూటరులోకి వెళ్ళాలి. అయిదు నిమిషాలకి టీవీ మీద మొదటి ప్రశ్న కనబడాలి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఇప్పుడు యానాంలో పింఛను పుచ్చుకుంటున్న ఆంథోనీ గారు పాండిచ్చేరిలో చుట్టాలింటి నుంచి తెచ్చిచ్చిన కంప్యూటరు అది. దానితో వచ్చిన పుస్తకమూ ఫ్రెంచే, పాఠాలూ ఫ్రెంచే. ఆంథోనీ గారు అరుగు మీద కూచుని ఒక్కో పేజీ చదివి తెలుగులో చెబుతుంటే, సుశీల నోటుబుక్కులో రాసుకుని, నేర్చుకుని, ఏడో తరగతి పాఠాలు తనే కొత్తగా తయారుచేసింది. ఏడువందల ప్రశ్నలు. దానికి తెలుగు అక్షరాలు రావు కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఆ రబ్బరు మీటల మీద ఒక్కో వేలితో కొట్టింది. నాలుగు నెలలు పట్టింది.

ఇవాళ గురువారం. శనివారం పొద్దున్న పదింటికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు ఇంటికి వస్తున్నాడు. ఇంట్లో చదువుతున్న సుశీల కూతుర్ని ఏడో తరగతి కామన్ పరీక్షకి ప్రైవేటుగా కూచోనివ్వాలా వద్దా అన్నది ఆయన తేలుస్తాడు. వద్దంటే ఒక ఏడాది పోతుంది. లేదా ఏ స్కూలు మొహం చూడనని సుశీల ఒట్టు పెట్టుకుందో, ఆ స్కూలు గుమ్మం ఎక్కి బతిమాలుకోవాలి.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అంది సుశీల. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతేనే ఆ ఇంట్లో అందరికీ భయం.

పన్నెండేళ్ళ లిదియా గోడకానుకుని భూగోళం చదువుకుంటోంది. తలెత్తలేదు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన యోహాను చొక్కా విప్పబోయి, గుండీ మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. పెళ్ళాం మాట్లాడుతున్నప్పుడు కదలకుండా ఉండడం ఆ మనిషి పదమూడేళ్ళుగా సాధన చేసిన విద్య.

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ అత్తగారు సారమ్మ వచ్చింది.

"నేనే అమ్మాయ్. మొన్న ఆదివారం మా పాట ప్రాక్టీసు అందులోనే పట్టుకున్నాం. ఏం, పాడైందా?"

"పాట బాగానే ఉందత్తయ్యా. మీకు ఈ క్యాసెట్టు ఎవరిచ్చారు?"

"ఎవరిస్తే ఏంటి. పెట్టి చూశాను. కీచుకీచుమని ఒకటే గోల. మాటా లేదు, పాటా లేదు. పాడైపోయిన క్యాసెట్టేలే, పారేసే బదులు పనికొస్తుందనుకున్నాను."

ఎవరైనా అలాగే అనుకుంటారు, నిజం చెప్పుకోవాలంటే. ఆ అరుపే ఏడో తరగతి లెక్కలని సారమ్మకి ఎవరు చెప్పారు గనక? సుశీల చెప్పలేదు. అత్తగారికి ఏదైనా కూచోబెట్టి చెప్పడం ఆవిడ మానేసి అయిదు నెలలైంది.

"అందులో మీ మనవరాలి చదువంతా ఉందత్తయ్యా. రెండు పక్కలా అదే ఉంది. ఒక పక్క పోతే ఇంకో పక్క ఉంటుందని జాగ్రత్త చేసుకున్నాను. మీరు రెండు పక్కలా పాడేశారు."

సారమ్మ మొహం పాలిపోయింది. "నాకు తెలీదే తల్లీ."

"తెలీదంటే నేను నమ్మను."

"సుశీలా," అన్నాడు యోహాను.

"మీరుండండి. ఆదివారం గుళ్ళో ప్రకాశరావు బావగారు ఈవిడ పక్కన నిలబడి అరగంట మాట్లాడారు. పక్కింటి వీరవేణి చూసి చెప్పింది. అరగంట ఏం మాట్లాడతారండీ? మోకాళ్ళ నొప్పుల గురించా? ఆ సాయంత్రమే నా క్యాసెట్టు పోయింది."

ప్రకాశరావు పేరు ఆ ఇంట్లో అయిదు నెలలుగా ఎవరూ ఎత్తరు, సుశీల తప్ప. సుశీల రోజూ ఎత్తుతుంది. ఆయన సారమ్మకి సొంత అక్క కొడుకు. యోహాను చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉండే చదువుకున్నాడు. ఊళ్ళో ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టి, దానికి తనే కరస్పాండెంటూ తనే హెడ్మాస్టరూ అయ్యాడు. సుశీలకి అందులో లెక్కల టీచరు ఉద్యోగం ఇచ్చాడు. మొన్న అక్టోబరులో క్వార్టర్లీ పరీక్షల్లో లిదియాకి లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. ఆయన కూతురు ఎస్తేరుకి తొంభై ఆరు. లిదియా పేపర్లో జవాబులు ఉన్నాయి గానీ మధ్యలో చెయ్యాల్సిన మెట్లు లేవని, తల్లి ముందే జవాబులు చెప్పేసిందని ప్రకాశరావు తేల్చేశాడు. పిల్ల మెడలో దొంగ అని రాసిన అట్ట వేలాడదీసి, మూడు రోజులు ప్రార్థన ముందు నిలబెట్టాడు.

ఆ మూడు రోజులూ సుశీల స్టాఫురూము గుమ్మంలో నిలబడి చూసింది. ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. నాలుగో రోజు ఉద్యోగం తనే వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది. ఊరంతా నాలుగో రోజు గురించి చెప్పుకుంటారు. సుశీలకి మాత్రం ఆ మూడు రోజులే గుర్తొస్తాయి.

"అయిదు నెలలు నా కూతురికి నేను బడి పెట్టాను," అంది సుశీల. "ఇంట్లో ఆటలాడిస్తోంది, పిల్ల జీవితం పాడుచేస్తోంది అని డిపార్ట్‌మెంటుకి ఉత్తరం రాసింది మీ అక్క కొడుకే. ఆ వచ్చేవాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఇప్పుడేం చూపించమంటారు? లెక్కలు నేర్పిన చింతగింజలా?"

"నేను వాడి తరఫు కాదమ్మాయ్. ఎవరి తరఫూ కాదు. ఆ ఎస్తేరు పిల్ల పాపం ప్రతి ఆదివారం అడుగుతుంది, లిదియా ఎప్పుడొస్తుంది మామ్మా అని. తన పక్కన చోటు ఉంచుతుంది. ఎవరైనా కూచోబోతే, మా చెల్లొస్తుందండీ అంటుంది. పిల్లల మధ్య ఈ పగలేంటని నా బాధ."

"ఆ చోట్లో మీరే కూచోండి. ఎలాగూ అక్కడే కూచుంటున్నారుగా. ఇంకో మాట చెబుతున్నాను. శనివారం ఆ మనిషి వచ్చి వెళ్ళేదాకా మీరు ఈ గదిలోకి రావద్దు."

ఏ కోడలైనా ఆ మాట అన్నాక అన్నం తింటుందా? సుశీల తింది. పెరుగు కూడా వేసుకుంది. సారమ్మ తినలేదు. యోహాను ఇటు చూశాడు, అటు చూశాడు, పళ్ళెంలో అన్నం అటూ ఇటూ జరిపి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. లిదియా మాత్రం మామ్మ వైపు ఒకసారీ, అమ్మ వైపు ఒకసారీ చూసి, మళ్ళీ కూర వేయించుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం సుశీల మళ్ళీ ఆ క్యాసెట్టు పట్టుకుని కూచుంది. దాన్ని ఏం చేసినా తిరిగి రాదని ఆవిడకి తెలుసు. కోపం తీరలేదు, అంతే.

తిప్పి తిప్పి చూస్తుంటే క్యాసెట్టు వెనకంచున ఏదో తెల్లగా కనిపించింది.

ఆ అంచున రెండు మూలలా రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని విరగ్గొట్టేస్తే ఇక ఆ క్యాసెట్టు మీద ఎవరూ ఏదీ రికార్డు చెయ్యలేరు, మీట కిందికి దిగదు. ఆంథోనీ గారు చెబితే ఫిబ్రవరిలో తనే సూదిమొనతో విరగ్గొట్టింది. పక్కన లిదియా కూచుని చూసింది కూడా. మరి మీట ఎలా దిగింది?

సుశీల తలపిన్నుతో ఆ కన్నాల్లోంచి తెల్లటిదాన్ని పైకి లాగింది. కాగితం. మడత మీద మడత పెట్టి, గట్టిగా కుక్కిన కాగితం. రెండు కన్నాల్లోనూ ఉంది. విప్పి చూస్తే చిన్న చిన్న గళ్ళు. గళ్ళ కాగితం ఆ ఇంట్లో ఒక్క లిదియా నోటుబుక్కులోనే ఉంది.

సారమ్మకి క్యాసెట్టు తిప్పి పెట్టడం వచ్చు, మీట నొక్కడం వచ్చు. మీట దిగకపోతే ఎందుకు దిగలేదో ఆవిడకి బొత్తిగా తెలీదు.

సుశీల చెప్పులు కూడా వేసుకోకుండా గోదావరి గట్టుకి వెళ్ళింది.

లిదియా రోజూ పోటు వేళకి రేవు మెట్ల దగ్గరుంటుంది. పోటు ఎంతవరకూ వచ్చింది, ఏ టైముకి వచ్చింది రాసుకోవడం అమ్మ పెట్టిన పని. ఆ లెక్కలన్నీ ఇంట్లో క్యాలెండరు కాగితాల వెనక గీతలు గీసి అంటించారు. రెండు నెలల గోదావరి ఆ గోడ మీద ఉంది. పుస్తకంలో లేనిది కూడా పిల్లకి రావాలని సుశీల పంతం. లెక్కలకి చింతగింజలు, సైన్సుకి ఆంథోనీ గారి భూతద్దం, ఇంగ్లీషుకి మధ్యాహ్నం రేడియోలో వచ్చే పాఠాలు, కాకినాడ పాతపుస్తకాల కొట్టులో దొరికిన మూడు రకాల గైడ్లు. స్కూల్లో పన్నెండేళ్ళు చెప్పినా సుశీల ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. పగ పట్టిన మనిషికి ఓపిక ఎక్కడినుంచి వస్తుందో గానీ వస్తుంది.

"అయిదో మెట్టు మునిగింది," అంది లిదియా తల్లిని చూసి. "నిన్నటికంటే యాభై నిమిషాలు లేటు."

సుశీల అరచెయ్యి విప్పి చూపించింది. నలిగిన గళ్ళ కాగితం ముక్కలు రెండు.

లిదియా వాటిని చూసింది. భయపడలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుంది.

"మామ్మ క్యాసెట్టు అడిగింది. కొత్తది కూడా ఉంది బీరువాలో. అది ఇవ్వలేదు. ఇదిచ్చాను."

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే. కాగితం పెడితే మీట దిగుతుందని పెట్టాను. రెండు పక్కలా పట్టుకో మామ్మా, ఒక పక్క సరిపోదు అని కూడా చెప్పాను."

రేవు దాటించే పంటు కదలబోతోంది. అవతలి ఎదుర్లంక వెళ్ళేవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎక్కుతున్నారు. సుశీలకి పిల్లని కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు.

"ఎందుకే?"

"తప్పు జవాబు కొడితే టీవీ మీద ఏం వస్తుందమ్మా?"

సుశీలకి తెలుసు. అది పెట్టింది తనే. ఒప్పు చెబితే తరవాత ప్రశ్న వస్తుంది. తప్పు చెబితే టీవీ నిండా పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, ప్రకాశరావు గెలిచాడు అని వస్తుంది. దాంతోపాటు గంట కూడా మోగుతుంది. ఆ గంట మోగించడం ఎలాగో ఫ్రెంచి పుస్తకంలో వెతికించడానికి ఆంథోనీ గారిని రెండు రోజులు పట్టుకుని వదల్లేదు.

"నీకు పట్టుదల రావాలని పెట్టానే అది. కసి పుట్టాలని."

"పుట్టింది."

"మరి?"

"పుట్టాక ఇంకెందుకు చూడ్డం? రోజుకి పదిసార్లు ఆయన గెలవడం నేను చూడలేను."

తల్లి గుండె కరిగిపోయింది. పిల్ల మనసు నొచ్చుకుందనుకుంది. తను మరీ మోటుగా చేశాననుకుంది. దగ్గరికి తీసుకుని, తల నిమిరి, "పోనీలే, అలాంటిది ఇంకెప్పుడూ పెట్టనులే" అంది. పిచ్చిది, పిల్ల అన్న మాటలో సగమే విన్నది.

"మరి నిన్న మామ్మని అన్నేసి మాటలంటుంటే నువ్వెందుకు చెప్పలేదే? నేనే ఇచ్చాను అనచ్చుగా."

"మామ్మ గుళ్ళో ఎస్తేరు పక్కన కూచుంటుంది," అంది లిదియా. నోటుబుక్కు మూసి, మెట్లెక్కి, ఇంటి వైపు నడిచింది.

ఆ మాటకి సుశీల ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. ఆవిడ బుర్రలో శనివారమే ఉంది. చూపించడానికి గోడలున్నాయి, గింజలున్నాయి, పిల్ల నోరుంది, చాలు అనుకుంది. అత్తగారికి క్షమాపణ చెప్పుకోవాలని కూడా అనుకుంది. రేపు అయ్యాక చెబుదాంలే అనుకుంది.

*

ఇన్‌స్పెక్టరు వెంకటరమణ గారు పది కొట్టేసరికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెనకాల ప్రకాశరావు ఉన్నాడు, తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"వీరు కూడా వస్తామన్నారమ్మా. పిల్ల వీరి స్కూలు పిల్లే కదా. అభ్యంతరం లేదుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏమీ లేదండి. రండి బావగారూ," అంది సుశీల. ఆవిడకి లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం. ఈయన కళ్ళముందే జరగాలని ఎన్నిసార్లు అనుకుందో. కుర్చీ తనే తుడిచి వేసింది.

యోహాను గోడవార నిలబడ్డాడు. సారమ్మ గదిలోకి రాలేదు. వంటింటి గుమ్మం అవతల చాప మీద కూచుంది. రావద్దన్న మాట ఆవిడ మరిచిపోలేదు.

ఇన్‌స్పెక్టరు గోడలన్నీ చూశాడు. కంప్యూటరుని చూసి, ఇదేంటమ్మా అని అడిగి, పాఠాలు చెరిగిపోయాయని చెబితే అయ్యో అన్నాడు. తరవాత పోటుపాట్ల గీతల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ గీత రోజూ ఇలా జరుగుతోందేం పాపా?"

"చంద్రుడు రోజూ యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడండి. పోటు ఆయనతోనే వస్తుంది కదండి," అంది లిదియా.

"పుస్తకంలో చదివావా?"

"ముందు రాశానండి. తరవాత చదివాను."

ఆయన నవ్వాడు. ప్రకాశరావు నవ్వలేదు.

"బానే ఉందండి, ఆటపాటల్లో ఇవన్నీ బానే ఉంటాయి," అన్నాడు ప్రకాశరావు. "పరీక్ష వేరు కదండీ. లెక్క ఇవ్వండి. లెక్కల్లోనే కదా అసలు గొడవ వచ్చింది."

"అదే ఇస్తాను. పాపా, రాసుకో. ఒక పడవ ప్రవాహంతో పాటు పన్నెండు కిలోమీటర్లు రెండు గంటల్లో పోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురు నీట్లో అదే దూరానికి మూడు గంటలు పట్టింది. నీటి వేగం ఎంత?"

లిదియా పెన్సిలు తియ్యలేదు. "గంటకి ఒక కిలోమీటరండి."

సుశీల కళ్ళు ప్రకాశరావు మొహం మీదే ఉన్నాయి.

"ఎలా చెప్పావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వెళ్ళేటప్పుడు ఆరండి, వచ్చేటప్పుడు నాలుగు. పడవ వేగం రెండిటికీ నడిమధ్యలో ఉండాలి కదండి. అంటే అయిదు. అయిదు నుంచి ఆరుకి తేడా ఎంతో అదే నీటి వేగం."

"మెట్లు రాయవా?"

"చూడగానే తెలిస్తే ఏం రాయాలండి?"

ఆయన ఇంకో లెక్క ఇచ్చాడు. ఇంకోటి ఇచ్చాడు. తన బ్యాగులోంచి ఎనిమిదో తరగతి పుస్తకం తీసి అందులోంచి ఇచ్చాడు. పిల్ల రెండిటికి నోటితోనే చెప్పింది, ఒకదానికి బొమ్మ గీసింది, ఒకటి రాదని ఒప్పుకుంది. చివరికి ఆయన పుస్తకం మూసి, ప్రకాశరావు వైపు తిరిగాడు.

"మెట్లు లేవని కదండీ మీరు ఈ పిల్లని దొంగ అన్నారు?"

"అప్పుడున్న పరిస్థితిలో..."

"ఈ అమ్మాయి మెట్లు రాయదండి. రాయక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా స్కూళ్ళు తిరుగుతున్నాను, ఇలాంటి పిల్లని ఇద్దరినో ముగ్గురినో చూసుంటాను. యానాం మొత్తానికి ఫస్టు రావలసిన పిల్ల. ఇలాంటి పిల్ల మీ స్కూలు ఎందుకు వదిలేసింది అని పైవాళ్ళు అడిగితే నేనేం రాయాలి?"

అయిదు నెలలు సుశీల ఏ మాట కోసం బతికిందో ఆ మాట వచ్చేసింది. కళ్ళంట నీళ్ళు రాబోతే ఆపుకుంది. ఆ మనిషి ముందు ఏడవకూడదని ఎప్పుడో అనుకుంది.

ప్రకాశరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తెలివితక్కువవాడు కాదు. ఫస్టు వచ్చే పిల్ల పేరు పక్కన స్కూలు పేరు పడుతుందనీ, ప్రైవేటుగా కూచుంటే ఆ స్కూలు పేరు తనది కాదనీ లెక్క వేసుకోవడానికి ఆయనకీ మెట్లు అక్కర్లేదు.

"పొరపాటు జరిగిందమ్మాయ్ సుశీలా," అన్నాడు. "ఒప్పుకుంటున్నాను. మనం మనం ఒక్క ఇంటి వాళ్ళం. పిల్లని సోమవారం పంపించు. ప్రార్థనలో పిల్లలందరి ముందూ నేనే నిలబడి చెబుతాను, లిదియా తప్పేమీ లేదు, తప్పు నాదీ అని. పరీక్ష మన స్కూల్లోంచే రాస్తుంది. ఏరా యోహానూ?"

యోహాను భార్య వైపు చూశాడు. అతని కళ్ళల్లో ఆశ కనిపించింది. అది చూసి సుశీలకి ఒళ్ళు మండింది.

"అక్కర్లేదు బావగారూ. నా కూతురు నా ఇంట్లోంచే రాస్తుంది. మీ అమ్మాయి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. అది మీరు పేపర్లో చదువుకోవాలి. ఆ కాగితం ఇవ్వండి సార్, సంతకం పెడతాను."

ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు గానీ ఇవ్వలేదు. "తల్లిగా మీ మాట విన్నానమ్మా. పిల్ల మాట కూడా నేను రాయాలి. పాపా, నువ్వు చెప్పు. ఇంట్లోంచి రాస్తావా, స్కూల్లోంచి రాస్తావా?"

"స్కూల్లోంచి రాస్తానండి," అంది లిదియా.

సుశీల వెనక్కి తిరిగింది. తన చెవులు తనే నమ్మలేకపోయింది. అయిదు నెలల చదువూ, నాలుగు నెలల రాత్రీ పగలూ, ఏడువందల ప్రశ్నలూ ఆ ఒక్క మాటతో గాలికి పోయినట్టనిపించింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ప్రకాశరావు వచ్చినప్పటినుంచీ మొదటిసారి నవ్వాడు. "చూశావా అమ్మాయ్? పిల్లల మనసులో ఏదీ ఉండదు. మనమే మోస్తాం."

"కానీ పెదనాన్నా, ప్రార్థనలో మీరు నిలబడక్కర్లేదు," అంది లిదియా.

"అదేంటమ్మా, చెబుతానన్నానుగా."

"మీరు చెబితే ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఎస్తేరుని నిలబెట్టండి. మెడలో అట్ట వేసి, మూడు రోజులు. మీరు గుమ్మంలో నిలబడి చూడాలి. ఏమీ అనకూడదు. మా అమ్మ చూసింది కదా, అలాగ."

వంటింటి గుమ్మం అవతల సారమ్మ లేచి నిలబడిన చప్పుడైంది. రావద్దన్న గదిలోకి ఒక అడుగు వేసి, అక్కడే ఆగిపోయింది. సుశీల అదేదీ చూడలేదు. మా అమ్మ చూసింది కదా అన్న మాట దగ్గరే ఆవిడ ఉండిపోయింది.

"ఆ పిల్లేం చేసింది పాపా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, చాలా మెల్లగా.

"ఏం చెయ్యలేదండి," అంది లిదియా. "నేను కూడా ఏం చెయ్యలేదండి."

గొంతులో కోపం లేదు. పడవ లెక్క చెప్పినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది. పన్నెండేళ్ళ పిల్ల నోట ఆ మాట ఆ గొంతుతో వింటే నాకే భయమేసింది, కన్నతల్లికి ఎలా ఉంటుంది?

"సుశీలా," అన్నాడు యోహాను. గోడ వదిలి ముందుకొచ్చాడు. "చెప్పు దానికి. నువ్వు చెబితేనే వింటుంది."

ప్రకాశరావు జేబురుమాలు మడత పెడుతున్నాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"మూడు రోజులే కదా. సరే. సోమవారం నుంచి నిలబెడతాను."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఎన్నడూ చూడనివాణ్ణి చూసినట్టు చూశాడు. సారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుశీల నోరు తెరిచింది. వద్దు అనాలి. రెండక్షరాల మాట. ఎస్తేరు మొహం కళ్ళముందు మెదిలింది, గుళ్ళో పక్కన చోటు ఉంచి కూచున్న పిల్ల. ఆ వెంటనే స్టాఫురూము గుమ్మంలో నిలబడ్డ ప్రకాశరావు కనిపించాడు, మూడు రోజులు, నోరెత్తకుండా. వద్దు అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆవిడకి తెలుసు. తెలిసి సిగ్గుపడింది. అయినా రాలేదు.

లిదియా తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది, జవాబు తప్పో ఒప్పో చెబుతుందని.